తమ్ముడి ఎడమ కన్ను మ్యాప్ నార్మల్, టిబిఐ మాత్రం 0.62: ఏది నమ్మాలి?

బెజవాడ అక్క
ఆదివారం, రాత్రి 9:12

అందరికీ నమస్తే. మా తమ్ముడికి 17 ఏళ్లు, ఇంటర్ సెకండియర్. ఏడాదిలో రెండుసార్లు కళ్లద్దాలు మార్చాం. కొత్త అద్దాలు పెట్టుకున్నా కుడి కంటికి బోర్డు మీద అక్షరాల కింద నీడ ఉన్నట్టు, రాత్రిపూట బండి లైట్లు తోకలు సాగినట్టు కనిపిస్తున్నాయన్నాడు. అద్దాల షాపులో "చదువు టెన్షన్, నాలుగు రోజులు పెట్టుకుంటే అలవాటవుతుంది" అన్నారు. నమ్మకం కుదరక కంటి ఆసుపత్రికి తీసుకెళ్తే పెంటాకామ్ అనే స్కాన్ తీసి కెరటోకోనస్ (కంటి ముందున్న పారదర్శక పొర, కార్నియా, పల్చబడి ఉబ్బే జబ్బు) అని తేల్చారు.

కుడి కన్ను విషయంలో మాకు సందేహం లేదు. కేమ్యాక్స్ (కార్నియా వంపు అన్నిటికంటే ఎక్కువున్న చోటి అంకె) 54.2, అన్నిటికంటే పల్చగా ఉన్నచోట మందం 441 మైక్రాన్లు. కార్నియాను గట్టిపరిచే సి3ఆర్ చికిత్స చేయాలన్నారు, సరే అన్నాం.

గొడవంతా ఎడమ కన్ను దగ్గరే. చిన్న నంబరుతో 6/6 చదువుతాడు. కేమ్యాక్స్ 44.8, మందం 498. ముందు వైపు మ్యాప్ అంతా ఆకుపచ్చగానే, అంటే నార్మల్‌గానే ఉంది. కానీ అదే రిపోర్టులో బ్యాడ్-డి అని 1.9 పసుపు రంగులో ఉంది. గాలి ఊది తీసే కార్విస్ అనే పరీక్షలో సిబిఐ 0.31, టిబిఐ 0.62 వచ్చాయి. డాక్టర్ గారు "ఎడమ కంటికి ఇప్పుడేమీ వద్దు, మూడు నెలలకు మళ్లీ స్కాన్ చేద్దాం" అన్నారు. ఇంకో చోట చూపిస్తే "రెండు కళ్లకూ చేసేయండి" అన్నారు. అమ్మేమో బాగున్న కంటిని ముట్టుకోవడమేంటని ఏడుస్తోంది. నాన్నేమో ఎలాగూ వచ్చేదే కదా, ఒకేసారి అయిపోతుంది అంటున్నారు.

మ్యాప్ బాగుందంటోంది, నంబరు బాగాలేదంటోంది. తెలిసినవాళ్లు కాస్త అర్థమయ్యేలా చెప్పండి.

కాకినాడ కిరణ్
ఆదివారం, రాత్రి 9:40

అక్కా, ముందు ధైర్యంగా ఉండండి. నాకు 22 ఏళ్లప్పుడు బయటపడింది, ఇప్పుడు స్క్లీరల్ లెన్స్ (కంటి తెల్లగుడ్డు మీద ఆనే పెద్ద కాంటాక్ట్ లెన్స్) పెట్టుకుని ఉద్యోగం చేసుకుంటున్నాను, రాత్రి బండి కూడా నడుపుతాను. 17 ఏళ్లకే దొరకడం, అదీ ఒక కన్ను ఇంకా బాగుండగానే దొరకడం మంచి విషయం. నాకు తెలిసేసరికి రెండు కళ్లూ చాలా దూరం వెళ్లిపోయాయి.

రెండు ప్రశ్నలు. తమ్ముడు కళ్లు నలుపుతాడా? స్కాన్‌కి ముందు కాంటాక్ట్ లెన్సులు వాడుతున్నాడా?

ఆప్టోమ్ శ్రీను
ఆదివారం, రాత్రి 10:25

అక్క గారూ, నేను ఆప్టోమెట్రిస్టుని, రోజూ పెంటాకామ్ మీదే పని. మీ తమ్ముడికి చికిత్స ఇలా చేయించండని ఇక్కడ చెప్పను, అది చూస్తున్న డాక్టర్ గారి పని. మ్యాప్, నంబరు ఎందుకు వేరువేరుగా మాట్లాడతాయో మాత్రం చెప్పగలను.

మీరు పచ్చగా ఉందంటున్నది కార్నియా ముందు వైపు వంపు మ్యాప్. ఈ పద్ధతి పాతది. 1880లో పోర్చుగల్‌కు చెందిన ప్లాసిడో నలుపు తెలుపు వలయాలున్న పళ్లెం ఒకటి కంటి ముందు పెట్టి, కంటి మీద పడే ఆ వలయాల ప్రతిబింబం చూశాడు. వలయాలు గుండ్రంగా, సమానమైన ఎడంతో ఉంటే వంపు సరిగా ఉన్నట్టు. ఒకవైపు దగ్గరపడి నొక్కుకుపోతే అక్కడ వంపు ఎక్కువైనట్టు. నేటి టోపోగ్రఫీ మెషిన్లలో చాలావాటికి మూలం ఇదే. ఈ పద్ధతికి కనిపించేది పై ముఖం ఒక్కటే. కార్నియా వెనక ముఖం ఎలా ఉందో, మందం ఎక్కడెంతో దానికి తెలియదు.

పెంటాకామ్ పని వేరు. కెమెరా కంటి ముందు గుండ్రంగా తిరుగుతూ సన్నని నీలి వెలుగు గీతలో కార్నియాను అడ్డంగా కోసినట్టు ఫోటోలు తీస్తుంది. ఏటవాలుగా ఉన్న వస్తువు మొత్తాన్నీ ఒకేసారి స్పష్టంగా ఫోకస్ చేసే ఈ ఉపాయం షైమ్‌ఫ్లూగ్ అనే ఆస్ట్రియా సైనికాధికారిది, 1904 నాటిది. ఆయన దాన్ని ఆకాశం నుంచి నేల ఫోటోలు తీయడానికి వాడాడు. రెండు సెకన్లలో ముందు ముఖం, వెనక ముఖం, మధ్యలో మందం అన్నీ వచ్చేస్తాయి. అందుకే దీన్ని టోమోగ్రఫీ అంటారు.

ఇక అసలు విషయం. కెరటోకోనస్ చాలాసార్లు ముందు ముఖంలో కనిపించకముందే వెనక ముఖంలో కనిపిస్తుంది. ఎందుకంటే కార్నియా పైన 50 మైక్రాన్ల చిల్లర మందంలో ఎపిథీలియం అనే పలుచని పొర ఉంది. కింద గుబ్బ లేస్తుంటే ఈ పొర గుబ్బ మీద పల్చబడి, చుట్టూ మందమై, పైకి నునుపుగా కనిపించేట్టు సర్దేస్తుంది. ముందు మ్యాప్ పచ్చగా ఉంటుంది. వెనక అలా సర్దే పొర లేదు.

బ్యాడ్-డి అంటే బెలిన్, ఆంబ్రోసియో అనే ఇద్దరు డాక్టర్లు కట్టిన లెక్క. ముందు ఎత్తు, వెనక ఎత్తు, అతి తక్కువ మందం, మందం అంచు వైపు ఎంత వేగంగా పెరుగుతోంది, ఇలాంటివి కలిపి ఒక అంకె ఇస్తుంది. 1.6 దాటితే పసుపు, 2.6 దాటితే ఎరుపు. మీవాడి 1.9 అంటే గమనించాల్సిన కన్ను అని. జబ్బు ఉందని ముద్ర వేసినట్టు కాదు.

ఒక పని చేయండి. రిపోర్టు మీద క్యూఎస్ అని చిన్న అక్షరాలుంటాయి, దాని పక్కన ఓకే అని ఉందా చూడండి. రెప్ప సగం వాలినా, కన్ను కదిలినా, కన్నీటి పొర ఆరినా ఆ చోట ఓకే బదులు పసుపో ఎరుపో వస్తుంది. అలాంటి స్కాన్ మీద ఏ అంకె వచ్చినా చర్చ అనవసరం, మళ్లీ తీయించాలి. లెన్సుల గురించి కిరణ్ గారు అడిగింది కూడా ఇందుకే. సాఫ్ట్ లెన్సులైతే వారం పది రోజులైనా, గట్టి లెన్సులైతే మూడు నాలుగు వారాలు ఆపి రావాలి. లేకపోతే లెన్స్ ఒత్తిడికి వంగిన ఆకారాన్నే జబ్బు అనుకునే ప్రమాదం ఉంది.

బెజవాడ అక్క
సోమవారం, ఉదయం 6:50

శ్రీను గారూ, చాలా థాంక్స్. రెండు కళ్లకీ క్యూఎస్ ఓకే అనే ఉంది. లెన్సులు ఎప్పుడూ వాడలేదు. కళ్లు మాత్రం బాగా నలుపుతాడు, చిన్నప్పటి నుంచి దుమ్ము అలర్జీ ఉంది. మీరంతా అడిగాక గమనించాను. చదువుకుంటూ కుడి చేతి వేళ్ల కణుపులతో కుడి కన్నే గట్టిగా రుద్దుతున్నాడు. ఎడమ కన్ను అంతగా ముట్టుకోడు. పడుకునేది కూడా కుడి వైపుకే, ముఖం దిండులో పెట్టి.

గాలిపోటు
సోమవారం, ఉదయం 11:05

నేను బెంగళూరులో బయోమెడికల్ ఇంజినీర్ని. కార్విస్ సంగతి నేను చెప్తాను, దీని మీద అపోహలు చాలా ఉన్నాయి.

పెంటాకామ్ ఆకారం చూస్తుంది. కార్విస్ గట్టిదనం చూస్తుంది. సైకిల్ ట్యూబులో ఒకచోట రబ్బరు బలహీనపడితే, గాలి కొట్టాక అక్కడ ఉబ్బు కనిపిస్తుంది. ఉబ్బు కంటికి కనిపించకముందు కూడా వేలితో నొక్కితే ఆ చోటు మెత్తగా తగులుతుంది. ఆ నొక్కి చూడటమే కార్విస్.

కన్ను మీద కొలిచిన ఒత్తిడితో ఒక్క క్షణం గాలి ఊదుతుంది. ఆ సమయంలో సెకనుకు 4,330 ఫ్రేముల వేగంతో కెమెరా కార్నియా అడ్డుకోతను 8.5 మిల్లీమీటర్ల వెడల్పున తీస్తుంది. మొత్తం తతంగం సెకనులో ముప్పయ్యో వంతు. ఆ వీడియోను నెమ్మదిగా నడిపిస్తే, పైకి వంగి ఉన్న కార్నియా మొదట చదునవుతుంది, తర్వాత లోపలికి గుంట పడుతుంది, ఆగుతుంది, మళ్లీ చదునై తన ఆకారానికి వస్తుంది. అక్క గారూ, ఆసుపత్రిలో అడిగితే మీ తమ్ముడి రెండు కళ్ల వీడియోలూ పక్కపక్కన చూపిస్తారు. కుడి కన్ను తొందరగా లొంగి, మధ్యలో ఇరుకుగా లోతుగా దిగడం మీకే కనిపించవచ్చు. గట్టి కార్నియా అయితే వెడల్పుగా, నిదానంగా దిగుతుంది.

ఆ కదలిక నుంచి గుంట మధ్యలో ఎంత దిగింది, పక్కన కాస్త దూరంలో ఎంత దిగింది లాంటివి కొలిచి, మందంతో కలిపి లెక్కేస్తే సిబిఐ వస్తుంది. 2016లో వచ్చింది, దాని గీత 0.5, అది దాటితే అనుమానించాలి. మీ తమ్ముడి ఎడమ కన్ను 0.31, అంటే గీత లోపలే. 2017లో ఈ గాలిపరీక్ష వివరాలనూ పెంటాకామ్ వివరాలనూ కలిపి కంప్యూటర్‌కి నేర్పించి టిబిఐ తయారుచేశారు. 0 నుంచి 1 దాకా ఉంటుంది, పెరిగేకొద్దీ అనుమానం ఎక్కువ.

ఇదే వరసలో ఇంకో మెషిన్ ఉంది, ఓఆర్ఏ అంటారు, 2005 నుంచి వాడుకలో ఉంది. అదీ గాలి ఊదుతుంది గానీ కెమెరా లేదు. చదునయ్యేటప్పుడూ తిరిగి లేచేటప్పుడూ ఉన్న ఒత్తిళ్ల తేడాని హిస్టరిసిస్ అని ఇస్తుంది. కెరటోకోనస్‌లో అది తగ్గుతుంది. కానీ మామూలు కళ్లలోనూ తక్కువ ఉన్నవాళ్లు చాలామంది, అందుకే ఒక్క దాని మీద ఆధారపడి తేల్చడం కష్టమైంది.

జాగ్రత్త పడాల్సింది ఒకటుంది. గాలికి కార్నియా ఎంత దిగిందన్నది దాని గట్టిదనం ఒక్కదాని మీదే ఆధారపడదు. కంటి లోపలి ఒత్తిడి ఎక్కువుంటే మెత్తని కార్నియా కూడా తక్కువ దిగుతుంది. పుట్టుకతోనే పల్చగా ఉన్న ఆరోగ్యమైన కార్నియా ఎక్కువ దిగుతుంది. మెషిన్ వీటిని సర్దుబాటు చేస్తుంది గానీ పూర్తిగా కాదు. కాబట్టి అంకె పక్కన ఒత్తిడి, మందం కూడా చూడాలి.

నల్గొండ సురేష్
సోమవారం, మధ్యాహ్నం 1:30

ఇన్ని లెక్కలెందుకు అన్నా. మా అబ్బాయికి 15 ఏళ్లప్పుడు ఒక కంటికే చేయించి రెండో దాన్ని చూద్దాంలే అన్నారు. మధ్యలో చెకప్‌కి వెళ్లడం కుదరలేదు, మళ్లీ వెళ్లేసరికి రెండోది కూడా పోయింది. నా మాట వినండి అక్కా, రెండూ ఒకేసారి చేయించేయండి. టిబిఐ 0.62 అంటే 62 శాతం జబ్బున్నట్టే కదా!

లెక్కల మాస్టారు
సోమవారం, సాయంత్రం 5:45

సురేష్ గారూ, మీ బాధ అర్థమైంది. కానీ 0.62 అంటే 62 శాతం కాదు. ఆ పొరపాటు వల్ల అవసరం లేని భయమూ పుడుతుంది, ఉండకూడని ధీమా కూడా పుడుతుంది. ఓరుగల్లులో స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరయ్యాను, మా మనవరాలికి ఈ జబ్బు వచ్చాక ఆ పేపర్లు చదివాను.

టిబిఐకి రెండు గీతలున్నాయి. జబ్బు స్పష్టంగా ఉన్న కళ్లను పట్టడానికి 0.79. ఒక కంటికి జబ్బు స్పష్టంగా ఉండి, రెండో కన్ను మ్యాప్ మాత్రం నార్మల్‌గా ఉన్నవాళ్లలో ఆ రెండో కన్నును పట్టడానికి 0.29. అక్క గారూ, అంటే అచ్చంగా మీ తమ్ముడి ఎడమ కన్ను లాంటి కళ్ల కోసమే ఆ రెండో గీత గీశారమ్మా. రియో డి జెనీరో, మిలాన్ నగరాల్లోని పేషెంట్ల మీద చేసిన మొదటి అధ్యయనంలో, ఈ 0.29 గీత అలాంటి కళ్లలో 90.4 శాతాన్ని పట్టింది. ఆరోగ్యమైన కళ్లలో 96 శాతాన్ని సరిగ్గా వదిలేసింది.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం, అంకెలు ఉదాహరణకి తీసుకున్నవే. లాసిక్ (అద్దాలు అక్కర్లేకుండా చేసే లేజర్ ఆపరేషన్) కోసం వచ్చిన 1000 కళ్లలో 10 కళ్లకు దాగి ఉన్న జబ్బు ఉందనుకోండి. ఈ గీత దాదాపు 9 పట్టుకుంటుంది. కానీ ఆరోగ్యమైన 990లో 4 శాతం, అంటే 40 దాకా, తప్పుగా ఎర్రజెండా పడతాయి. జెండా పడిన 49లో నిజంగా జబ్బున్నవి 9. అంటే లాసిక్ క్యూలో నిలబడ్డ ఆరోగ్యవంతుడికి 0.62 వస్తే జబ్బు లేకపోవడానికే అవకాశం ఎక్కువ. లాసిక్ వద్దనుకుంటే అతనికి పోయేదేమీ లేదు గనక అక్కడ ఆ జెండా మంచిదే.

అదే, ఒక కంటికి జబ్బు తేలినవాళ్ల రెండో కళ్లు 100 తీసుకోండి. వాటిలో 80కి లోపల మొదలైందనుకుందాం. గీత 72 పట్టుకుంటుంది, తప్పుగా పట్టేది ఒకటి. జెండా పడితే దాదాపు నిజమే. ఇంకో వైపు కూడా చూడండి. జెండా పడని 27 కళ్లలో 8కి జబ్బుంది. కాబట్టి ఇలాంటి కుటుంబంలో పచ్చ అంకె వచ్చినా చెకప్ మానకూడదు.

అంకె ఒకటే, మనిషిని బట్టి దాని అర్థం మారిపోయింది. నెదర్లాండ్స్‌లో 2017లో వచ్చిన అంచనా ప్రకారం ఈ జబ్బు 375 మందిలో ఒకరికి. నాగపూర్ దగ్గరి పల్లెల్లో 30 ఏళ్లు దాటినవాళ్లను చూసి 2009లో రాసిన పేపర్లో 2.3 శాతం అన్నారు. అక్కడ వంపు 48 డయాప్టర్లు (కేమ్యాక్స్ కొలిచే యూనిట్) దాటితే జబ్బు అని పాత పద్ధతిలో లెక్కేశారు గనక ఆ అంకె మీద వాదనలున్నాయి. ఏదేమైనా మన దేశంలో ఇది అరుదైన జబ్బు కాదు.

పీజీ డ్యూటీరూమ్
సోమవారం, రాత్రి 11:50

ఆఫ్తాల్మాలజీ (కంటి వైద్యం) పీజీని. మాస్టారి లెక్క మా క్లాసులో చెప్పిస్తే బాగుండు. దానికి రెండు మాటలు చేరుస్తాను.

90 శాతం, 96 శాతం అన్నవి గీత గీసినచోట వచ్చిన ఫలితాలు. తర్వాత వేరే దేశాల్లో వేరే పేషెంట్ల మీద చూసినప్పుడు చాలాచోట్ల పట్టుకునే శక్తి అంతకంటే తక్కువే వచ్చింది. అందుకని 0.62ని తేలిగ్గా తీసుకోను, తీర్పుగానూ తీసుకోను.

2015లో ప్రపంచం నలుమూలల కార్నియా నిపుణులు కలిసి ఒక ఏకాభిప్రాయం ప్రకటించారు. నిజమైన కెరటోకోనస్ ఒక్క కంటికే ఉండదు, రెండో కంట్లో ఇంకా బయటపడలేదంతే అని అందులో ఉంది. దాంతోపాటే, గట్టిగా రుద్దడం లాంటి బయటి ఒత్తిడి వల్ల ఒక్క కన్నే ఉబ్బే అవకాశం ఉందని కూడా రాశారు. అక్క చెప్పిన కుడి చేతి కణుపులు, కుడి వైపు దిండు చూస్తే ఆ రెండో మాట నాకు ముఖ్యం అనిపిస్తోంది. ఎడమ కంటికి ఈ రోజే మొదలుపెట్టగలిగిన వైద్యం అలర్జీని అదుపులో పెట్టడం, చేతులు కంటి దగ్గరికి వెళ్లకుండా చూడటం. దానికి ఏ స్కాన్ కోసమూ ఆగక్కర్లేదు. అలాగని మందుల షాపులో స్టెరాయిడ్ చుక్కలు సొంతంగా కొనొద్దు, నెలల తరబడి వాడితే గ్లకోమా, శుక్లం రావచ్చు.

సురేష్ గారి మాటకి జవాబు. సి3ఆర్ మంచి చికిత్స. జర్మనీలోని డ్రెస్డెన్ బృందం 2003లో మొదటి ఫలితాలు ప్రచురించింది. రైబోఫ్లేవిన్ అనే పసుపురంగు విటమిన్ చుక్కలు అరగంట నానబెట్టి, తర్వాత అరగంట అతినీల కాంతి వేస్తారు. కొల్లాజెన్ పోగుల మధ్య కొత్త బంధాలు పడి కార్నియా గట్టిపడుతుంది. కానీ ఆ మామూలు పద్ధతిలో పైనున్న ఎపిథీలియం గీకి తీస్తారు. రెండు మూడు రోజులు నొప్పి, కొన్నాళ్లు మసక, కొద్దిమందిలో మచ్చ, అరుదుగా ఇన్‌ఫెక్షన్. 54 డయాప్టర్ల కంటికి ఈ రిస్క్ తీసుకోవడం సరైనదే. 6/6 చదివే కంటికి తీసుకునే ముందు అది ముదురుతోందని ఆధారం చూడాలి. చిన్నపిల్లల్లో కొందరు డాక్టర్లు అంతవరకూ ఆగరు, వాళ్లలో వేగంగా ముదురుతుంది గనక. జబ్బు తేలిన కన్నుకు ఆ వాదన సబబే. తేలని కన్నుకు మూడు నెలల గడువు పెట్టడం నా దృష్టిలో నిర్లక్ష్యం కాదు. సురేష్ గారి అబ్బాయి విషయంలో దెబ్బతీసింది చెకప్ తప్పిపోవడం.

నల్గొండ సురేష్
మంగళవారం, ఉదయం 8:15

డాక్టర్ గారూ, మీరన్నది నిజమే, చెకప్ తప్పింది. కానీ మా ఊరి నుంచి ప్రతి మూడు నెలలకూ పనులు మానుకుని, డబ్బు పెట్టుకుని హైదరాబాద్ పోవడం అందరివల్లా అవుతుందా? చూద్దాం అని చెప్పేటప్పుడు అది కూడా లెక్కలోకి తీసుకోవాలి.

పీజీ డ్యూటీరూమ్
మంగళవారం, మధ్యాహ్నం 2:20

తీసుకోవాలి, ఒప్పుకుంటున్నాను. మళ్లీ రాలేనని తెలిసిన పేషెంటు విషయంలో నిర్ణయం మారొచ్చు. ఆ మాట డాక్టర్‌కి నోరు తెరిచి చెప్పాలి, చాలామంది మొహమాటపడి చెప్పరు.

డాలస్ తెలుగోడు
మంగళవారం, మధ్యాహ్నం 3:00

ఇక్కడ అమెరికాలో మందులకి అనుమతిచ్చే ఎఫ్‌డీఏ క్రాస్ లింకింగ్‌ని, అంటే ఈ సి3ఆర్‌నే, ఒప్పుకున్నదే 2016లో. ఇన్సూరెన్స్ వాళ్లు చాలామంది ముదురుతోందని స్కాన్లు చూపిస్తే గానీ డబ్బు ఇవ్వరు. మా ఆవిడకి రెండో కన్ను తేల్చడానికి మా డాక్టర్ ఓసీటీ అనే వెలుగు స్కాన్‌తో ఎపిథీలియం మ్యాప్ తీశారు. శ్రీను గారు చెప్పిన ఆ సర్దుబాటు పొరనే చోటు చోటుగా కొలుస్తుంది. మధ్యలో పల్చగా, చుట్టూ గారెలా మందమైన వలయం వస్తే లోపల గుబ్బ ఉన్నట్టు. లెన్స్ వల్ల వచ్చిన వంపైతే ఆ వలయం రాదట. అక్క గారూ, మీ ఆసుపత్రిలో ఈ సౌకర్యం ఉందేమో అడగండి, గాలి కూడా ఊదరు, నిమిషంలో అయిపోతుంది.

ఆప్టోమ్ శ్రీను
మంగళవారం, రాత్రి 9:30

మంచి సలహా. పసుపు గీత మీద ఉన్న కన్నుకు అది బాగా పనికొస్తుంది. వెనక ముఖం ఎత్తైన చోటే ఎపిథీలియం పల్చబడితే, అతి తక్కువ మందం కూడా అక్కడే ఉంటే, ముగ్గురు సాక్షులు ఒకే చోటు చూపించినట్టు. మూడూ మూడు చోట్ల ఉంటే నేను తొందరపడను.

మెట్‌పల్లి అమ్మ
బుధవారం, ఉదయం 10:10

మీరంతా చదువుకున్నోళ్లు మాట్లాడుతుంటే అడగాలో వద్దో అనిపించింది. మా బాబుకి 11 ఏళ్లు. ఎండాకాలం రాగానే కళ్లు ఎర్రగా అయ్యి, తీగలు సాగే పుసి వచ్చి, పిల్లాడు రుద్దుకుంటూనే ఉంటాడు. మా దగ్గర ఈ పెంటాకాములు లేవు. నేను ఏం చూసుకోవాలి?

ఆప్టోమ్ శ్రీను
బుధవారం, మధ్యాహ్నం 1:40

అమ్మా, ఈ చర్చలో అందరికంటే అవసరమైన ప్రశ్న మీదే. బాబుకి ఉన్నది ఎండాకాలపు అలర్జీలా ఉంది. మన ఎండలకి, దుమ్ముకి ఇది పిల్లల్లో చాలా ఎక్కువ. ఏళ్ల తరబడి రుద్దే పిల్లల్లో కెరటోకోనస్ ఎక్కువగా చూస్తాం.

పెద్ద మెషిన్ లేకపోయినా పట్టుకునే దారులున్నాయి. కళ్లద్దాల చీటీలు పారేయకండి. సిలిండర్ అనే గడిలో అంకె ఆరు నెలలకోసారి పెరుగుతూ పోతున్నా, దాని పక్కనున్న ఆక్సిస్ మారిపోతున్నా, అద్దాలతో కూడా 6/6 రాకపోతున్నా, పిల్లాడు అద్దాలు పెట్టుకోవట్లేదని తిట్టకండి, స్కాన్‌కి పంపమని అడగండి. రెండోది రెటినోస్కోప్. చేతిలో టార్చిలా పట్టుకుని కంట్లోకి వెలుగు గీత వేసి పక్కకి కదుపుతాం. మామూలు కన్నులో ఎర్రని వెలుగు ఒకే పట్టీలా కదులుతుంది. కెరటోకోనస్ మొదలైన కన్నులో ఆ పట్టీ రెండుగా చీలి, మధ్యలో కలుస్తూ విడిపోతూ ఉంటుంది, దాన్ని కత్తెర కదలిక అంటాం. స్కాన్లో స్పష్టం కాకముందే కొన్నిసార్లు ఇది నాకు అనుమానం రేపింది. కరెంటు లేని క్యాంపులో కూడా చేయొచ్చు. ఆటో మెషిన్ మీద గడ్డం పెట్టించి చీటీ చేతిలో పెట్టే చోట మాత్రం ఇది తప్పిపోతుంది. కాబట్టి "రెటినోస్కోపీ చేయండి సార్" అని గట్టిగా అడగండి.

తెలంగాణ, ఆంధ్ర పల్లెల్లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్ల విజన్ సెంటర్లు ఉన్నాయి, మీకు దగ్గర్లో ఏదుందో కనుక్కోండి. ముందు అలర్జీకి చూపించండి. దురద తగ్గితే రుద్దడం దానంతటదే తగ్గుతుంది. దురద పెట్టినప్పుడు చల్లని తడిగుడ్డ మూసిన రెప్పల మీద వేయండి.

గాలిపోటు
బుధవారం, సాయంత్రం 7:15

అమ్మ గారు అడిగిన దాని మీద ఒక కబురు. బెంగళూరులో మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ వాళ్లు శంకర కంటి ఆసుపత్రితో కలిసి స్మార్ట్‌కేసీ అనే పరికరం తయారుచేశారు, 2021లో పేపర్ వచ్చింది. త్రీడీ ప్రింటర్‌తో చేసిన ప్లాసిడో వలయాల గొట్టాన్ని మామూలు స్మార్ట్‌ఫోన్‌కి తగిలించి, కంటి మీద వలయాల ఫోటో తీసి వంపు మ్యాప్ గీస్తుంది. అది ముందు ముఖమే చూస్తుంది, అక్క గారి తమ్ముడి ఎడమ కన్ను లాంటి దాన్ని పట్టలేకపోవచ్చు. కానీ బడిలో వందమంది పిల్లల్లో ఎవరిని పెద్దాసుపత్రికి పంపాలో తేల్చడానికి అలాంటివే కావాలి. లక్షల ఖరీదు చేసే మెషిన్లు మండలానికొకటి రావు. నా వృత్తిలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఇదే. మనం 0.29కీ 0.79కీ మధ్య తేడా చర్చిస్తున్నాం. అసలు ఒక్క స్కాన్ కూడా లేకుండా, అద్దాలు మారుస్తూ పదేళ్లు గడిపేసే పిల్లలే ఎక్కువమంది.

బెజవాడ అక్క
శనివారం, రాత్రి 8:05

మీ అందరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలియట్లేదు. నిన్న తమ్ముడి కుడి కంటికి సి3ఆర్ అయింది. పసుపు చుక్కలు వేస్తూనే ఉన్నారట, తర్వాత నీలం లైటు చూస్తూ పడుకోమన్నారట. రాత్రి బాగా మంట పుట్టింది, నిద్రపోలేదు. ఈ రోజు కాస్త నయం.

డాక్టర్ గారిని మీరు చెప్పినవన్నీ అడిగాను. విసుక్కోకుండా కార్విస్ వీడియో చూపించారు. గాలిపోటు గారూ, మీరు చెప్పినట్టే కుడి కన్ను మధ్యలో ఇరుకుగా దిగిపోయింది, ఎడమది వెడల్పుగా దిగింది. ఎపిథీలియం మ్యాప్ కూడా తీశారు, ఎడమ కంటికి వలయం స్పష్టంగా లేదు, కిందివైపు కాస్త పల్చగా ఉందన్నారు. ఎడమ కంటికి పెంటాకామ్ ఒకే రోజు మూడుసార్లు తీశారు. ఎందుకన్నాను, మెషిన్ సొంత తేడా ఎంతో తెలిస్తే రేపు వచ్చే తేడా నిజమో కాదో తెలుస్తుందన్నారు. వచ్చే స్కాన్‌కి టిబిఐ పెరిగిందా అని చూస్తారా అంటే కాదన్నారు. మరేం చూస్తారో అడిగేలోపు ఇంకో పేషెంట్‌ని పిలిచారు.

పీజీ డ్యూటీరూమ్
ఆదివారం, ఉదయం 7:30

మీ డాక్టర్ గారు చేసింది చాలా మంచి పని. టిబిఐ, సిబిఐ జబ్బు ఉందో లేదో అనుమానించడానికి కట్టినవి. అవి పెరిగాయా తగ్గాయా అని చూసి ముదిరిందనడం సరికాదు. ముదరడం తేల్చడానికి ముందు ముఖం వంపు, వెనక ముఖం వంపు, మందం ఈ మూడింటిలో కనీసం రెండు, మెషిన్ సొంత తేడాని మించి మారాలని 2015 ఏకాభిప్రాయంలో ఉంది. చాలామంది ఏడాదిలో కేమ్యాక్స్ 1 డయాప్టర్ పెరగడాన్ని కూడా గుర్తుగా తీసుకుంటారు. మీవాడి ఎడమ కంటికి ముందు ముఖం కంటే వెనక ముఖం వంపు, అతి తక్కువ మందం మీదే కన్నేసి ఉంచుతారు. వచ్చే స్కాన్ కూడా అదే మెషిన్ మీద తీయించండి. ఒక కంపెనీ మెషిన్ అంకెని ఇంకో కంపెనీ దానితో పోల్చకూడదు.

కుడి కంటి విషయంలో ముందే చెప్తున్నాను. మొదటి నెలలో స్కాన్ తీస్తే కేమ్యాక్స్ పెరిగినట్టు, మందం తగ్గినట్టు చూపించవచ్చు. గాయం మానేటప్పుడు అది మామూలే, నెలలు గడిచేకొద్దీ సర్దుకుంటుంది. చూపు ఒక్కసారిగా తగ్గినా, నొప్పి తగ్గకుండా పెరుగుతున్నా, కంటి మీద తెల్లమచ్చ కనిపించినా మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఆ రోజే వెళ్లిపోండి.

కాకినాడ కిరణ్
ఆదివారం, ఉదయం 9:00

అక్కా, మూడు నెలల స్కాన్ తేదీ ఇంటర్ పరీక్షల్లో పడుతుందేమో చూసుకోండి. పడితే పరీక్షలకంటే ముందుకు జరపమనండి, తర్వాతకి వద్దు. స్కాన్ రిపోర్టు ఒక్క పేజీ కాకుండా వెనక ముఖం మ్యాప్, మందం మ్యాప్ అన్నీ పెన్‌డ్రైవ్‌లో అడిగి తీసుకోండి. పైచదువుకి వేరే ఊరు వెళ్లినా అక్కడి డాక్టర్‌కి పాత మ్యాప్‌లు చూపించొచ్చు.

బెజవాడ అక్క
ఆదివారం, ఉదయం 9:20

పరీక్షల్లోనే పడింది! రేపే ఫోన్ చేసి ముందుకు జరిపిస్తాను.